‘అయిపోయిందిగా’ అన్న తరువాత

కసరత్ మేడం

సూరత్‌లో నా అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆసుపత్రి కాగితాల మీద నేను ఫిజియోథెరపిస్టుని. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు మాత్రం ‘కసరత్ మేడం’ని. రేడియేషన్ గది దాటి, మందుల కౌంటరు దాటి, వరండా చివర ఉన్న గదిలో నా ఉద్యోగం దాదాపు అంతా గడిచింది. చేరినప్పుడు నడుం దాటే నల్లటి జడ ఉండేది. వదిలేనాటికి జడ పోయి, నిమ్మకాయంత ముడి మిగిలింది.

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడే చదువు ముగించి ఇదే పనిలో చేరుతోందట. “మేడం, ముఖ్యంగా ఏం నేర్చుకోవాలి?” అని అడిగింది. పుస్తకంలో ఉన్నదేదో చెప్పబోయి ఆగిపోయాను. భుజం ఎంత లేవాలో, చేతి వాపు ఎలా కొలవాలో ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది వేరే ఉంది. అది ఫోన్లో చెబితే అర్థమయ్యేది కాదు, అందుకే ఈ పనిలోకి వచ్చే పిల్లలందరికీ కలిపి రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఉండదు. అవి ఎలా వచ్చాయో, ఎందుకు రాలేదో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు.

ముందు ఒక మాట చెప్పాలి. జబ్బు తెలిసిన రోజు నుంచి ఆపరేషన్, కీమో, రేడియేషన్ ముగిసేదాకా ఇంటి నిండా మనుషులుంటారు. పండ్లు తెస్తారు, మొక్కుకుంటారు, ఒకరు పోతే ఒకరు వచ్చి మంచం పక్కన కూర్చుంటారు. ఆఖరి రేడియేషన్ అయిన రోజున డాక్టరు “అయిపోయింది” అంటాడు. అందరూ “అయిపోయిందిగా!” అంటారు. ఆ మాట పట్టుకుని ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. అసలు మనిషి అప్పుడే అద్దం ముందు ఒంటరిగా నిలబడుతుంది. ఆ రోజునుంచే మన పని మొదలు.

మా పెద్ద సర్జన్‌గారి చెయ్యి బంగారం. ఎందరి ప్రాణాలు నిలబెట్టాడో లెక్కలేదు, అది నేను ఎవరి ముందైనా చెబుతాను. కానీ ఒక పేషెంటు రాత్రుళ్లు ఏడుస్తోందనో, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదనో చెబితే ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, “జిందా హై న? ఔర్ క్యా చాహియే?” అనేవాడు. బతికే ఉందిగా, ఇంకేం కావాలి అని. ఇంకేం కావాలో నాకూ అప్పటికి సరిగ్గా తెలియదు.

బోర్డు

నేను చేరిన కొత్తలో మా పేషెంట్లకు వేరే గది లేదు. కాలు విరిగినవాళ్లు, నడుం పట్టినవాళ్లు, మగా ఆడా అందరూ ఒకే హాల్లో ఉండేవాళ్లు. మధ్యలో ఒక పచ్చ పరదా, అది కూడా ఫ్యాను గాలికి ఎగిరేది. మా ఆడవాళ్లు రవికె పై హుక్కు కూడా తియ్యకుండా భుజం చూపించేవాళ్లు. కుట్లు ఎలా ఉన్నాయో చూడనివ్వకపోతే నేను కసరత్తు ఏం చేయిస్తాను?

ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పాత పరుపులు పడేసే గది ఒకటి ఇచ్చారు. సున్నం వేయించి, గోడకు అద్దం పెట్టించి, తలుపు మీద గుజరాతీలోనూ హిందీలోనూ బోర్డు రాయించాను. పురుషులకు ప్రవేశం లేదు. నా ఉద్యోగంలో నేను గెలిచిన మొదటి యుద్ధం అది.

ఆ తలుపుకు కాపలా హంసాబెన్. మా ఆయా, సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. తిట్టు లేనిదే మాట రాని సూరతీల నోటి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకసారి ఎవడో సందులోంచి తొంగి చూస్తే, వాడి ఏడు తరాలనూ వరండాలో నిలబెట్టి ఆశీర్వదించింది. ఆ తరువాత ఏ మగాడూ ఆ గడప ఛాయలకు రాలేదు. మొగుళ్లు బయట సిమెంటు బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఒళ్లో భార్య సంచీ, ఎక్స్‌రే కవరు, టిఫిన్ డబ్బా. తలుపు తీసినప్పుడల్లా అందరూ ఒకేసారి తల ఎత్తి చూసి, మళ్లీ దించుకునేవాళ్లు.

ఇంట్లో చేయాల్సిన మాలిష్ నేర్పడానికి మాత్రం బంధువుల్లో ఒకరిని లోపలికి రమ్మనేదాన్ని. ఆడవాళ్లనే. అత్తనో, తోడికోడలినో, కూతురినో. ఇది నేను పెట్టిన పద్ధతే. ఎన్నో ఏళ్లు అలాగే నడిచింది. మంచి పద్ధతే అనుకున్నాను.

రాగుల సంచీ

ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు రెండు రకాలు. బ్యాంకుల్లో, రైల్వేలో, కేంద్ర ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఒకరు. మరమగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లు ఇంకొకరు. ఒకరి ఇళ్లకు ఒకరు వెళ్లరు. మా నాన్న రాజమండ్రి నుంచి వచ్చిన రైల్వే మనిషి కాబట్టి నేను మొదటి గుంపు. మా వరండాలో మాత్రం రెండు గుంపులూ కలిసేవి. జబ్బుకు పే స్కేలు తెలియదు.

మొదటి గుంపులోనే ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య వచ్చేది. ఎప్పుడొచ్చినా ఇస్త్రీ చీర, నవ్వు ముఖం. “ఎలా ఉన్నారండీ?” అంటే “చాలా బాగున్నానండీ” అనేది. నేనూ బాగుంది అని రాసుకునేదాన్ని. ఒకరోజు చెయ్యి పైకెత్తుతూ మామూలుగా చెప్పింది. తీసేసిన వైపు రవికెలో చేతిరుమాలు మడిచి పెట్టుకుంటోందట. ఎవరిదో గృహప్రవేశంలో వంగి హారతి అద్దుకుంటుంటే, అది జరిగి జరిగి మెడ దగ్గరకు వచ్చిందట. “అందరూ చూశారండీ. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ,” అంది. అప్పటినుంచి ఏ పేరంటానికీ వెళ్లలేదు.

బజార్లో దొరికే సిలికాన్‌వి ఖరీదు. పైగా మన ఎండలకు లోపల చెమటతో ఒళ్లు పాసిపోతుంది. రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో మిగులు గుడ్డకు కొదవా? మెత్తటి నూలు ముక్కలు తెప్పించి, ఒక దర్జీ ఆవిడ చేత రొమ్ము ఆకారంలో చిన్న సంచులు కుట్టించాను. ఉత్త దూది పెడితే లాభం లేదు, బరువు కావాలి. ఒక వైపు బరువు పోతే భుజం వంగుతుంది, నడుం లాగుతుంది. ఆలోచించి ఆలోచించి రాగులు పోయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వానాకాలం వచ్చింది. ఆవిడ ఫోన్ చేసింది. “ఏమండీ, మీ రాగులకు పురుగు పట్టిందండీ! గుళ్లో కూర్చుంటే రవికెలోంచి నల్లటి పురుగు ఒకటి నడుచుకుంటూ బయటికి వచ్చి పూజారిగారి వైపు వెళ్లింది!” ఇద్దరం ఫోన్లోనే పడీ పడీ నవ్వాం. నవ్వీ నవ్వీ ఆవిడ ఏడ్చింది. దీని గురించి ఒక మనిషితో నవ్వడం ఇదే మొదటిసారి అంది. తరువాత రాగులు తీసేసి, చీరల మీద కుట్టే ప్లాస్టిక్ పూసలు పోయించాం. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

పిల్లలూ, “బాగున్నారా?” అని అడగకండి. బాగున్నామనే అంటారు. “ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లారు?” అని అడగండి. అప్పుడు తెలుస్తుంది.

స్వరూప

రెండో గుంపు మనిషి స్వరూప. ఊరి చివర ఉన్ అనే పేటలో ఒక గది అద్దె ఇంట్లో ఉండేది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త రాజేశం మరమగ్గాల కార్ఖానాలో పని. ఒక్కతే కూతురు, పెళ్లయి భివండీలో ఉంది. జబ్బుకు ముందు స్వరూప ఇంట్లో కూర్చుని చీరల మీద టిక్కీలు, అంటే మెరుపు బిళ్లలు, అంటించేది.

కుడి వైపు రొమ్ము తీశారు. చంకలో గ్రంథులు కూడా తీశారు. అవి తీస్తే చేతిలోని నీరు తిరిగి ఒంట్లోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. కొందరికి వెంటనే, కొందరికి నెలలు గడిచాక, చెయ్యి వాస్తుంది. స్వరూపకు అదే జరిగింది. “ఈ చెయ్యి నాది కాదన్నట్టున్నది మేడం. ఎవ్వలదో తెచ్చి తగిలిచ్చినట్టు,” అనేది.

రాజేశం మంచి పొడగరి, ఒంటి మీద ఎప్పుడూ నూలు దుమ్ము. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో పనిచేసి చెవులు మందగించాయి. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదనుకుని అరిచేవాడు. నేను తలుపు తీస్తే చాలు, బెంచీ మీంచి లేచి, “మేడం! మా ఆడమనిషి చెయ్యి తక్కువైతదా?” అని వరండా అదిరేలా అడిగేవాడు. మందుల కౌంటరు దగ్గరున్నవాళ్లంతా తిరిగి చూసేవాళ్లు. స్వరూప సిగ్గుతో చచ్చిపోయేది.

“ఆయనతోని మాట్లాడాల్నంటె భుజం మీద తట్టాలె మేడం,” అని ఒకసారి చెప్పింది. “తట్టితె ఇటు తిరుగుతడు. మూతి జూసి సమజ్ చేసుకుంటడు. పెండ్లయిన కాంచి గట్లనే.”

“ఇప్పుడూ అంతేనా?”

గోడ మీద వేళ్లతో పైకి పాకే కసరత్తు చేస్తోంది. చెయ్యి ఆగిపోయింది. “ఇప్పుడు తడుతలేను,” అంది.

ఎందుకని నేను అడగలేదు. ఆ పూట గది నిండా జనం, నేను గడియారం చూస్తున్నాను.

వాపు పెరుగుతుంటే, మాలిష్ నేర్పడానికి ఇంట్లో ఆడవాళ్లను ఎవరినైనా తీసుకురమ్మన్నాను. “ఎవ్వలున్నరు మేడం? అత్త లేదు, అమ్మ లేదు. పక్కింట్ల ఒడియా ఆమె ఉన్నది, మంచిదే. కని నన్ను ముడితె ఆమెకు అంటుకుంటదని భయం. నేను తాగిన గిలాస గూడ పక్కకు పెడ్తది.” క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని ఆ పక్కింటామెకు చెప్పమన్నాను. “చెప్పిన. ఆమె తలకాయ ఊపింది. గిలాస పక్కకే పెట్టింది.”

కొన్నాళ్లకు వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పింది. “నన్ను ఊరికి పంపుతడట మేడం. అక్కడ మా ఆడిబిడ్డ ఉన్నది. ఆమె మాలిష్ జేస్తదట, నేను రెస్టు తీస్కోవాల్నట.”

నాకు ప్రాణం లేచొచ్చింది. నేనడిగిన ఆడమనిషి దొరికింది కదా! “మంచిదే కదమ్మా, చూసుకునేవాళ్లు ఉంటారు,” అని గబగబా కాగితం మీద మాలిష్ బొమ్మ గీసి ఇచ్చాను. మెడ దగ్గర మొదలు, తరువాత ఛాతీ, ఆఖరున చెయ్యి. స్వరూప ఆ కాగితం వైపు చూడలేదు. నన్నే చూసింది.

“నాకు పోవాల్నని లేదు మేడం. పోతె మల్ల తోలుకొస్తడా? ఎవ్వలన్న చెప్తె ఇంటడేమో అనుకున్న. నువ్వు గూడ గట్లనే అంటివి,” అంది. సంచీ తీసుకుని వెళ్లిపోయింది. బయట రాజేశం లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని తట్టలేదు, ముందు నడిచింది. అతను వెనకాల నడిచాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఏదో పొరపాటు చేశానని తెలుస్తోంది, అదేమిటో మాత్రం తెలియలేదు.

తలగడకు రవికె

స్వరూప ఊరెళ్లాక నాకు రోజూ గుర్తొచ్చేది. కొంతకాలానికి ఒక మధ్యాహ్నం హంసాబెన్ లోపలికి వచ్చి, బెంచీ మీద మగవాడు ఒకడే కూర్చున్నాడు, పక్కన ఆడమనిషి లేదు అని చెప్పింది. వెళ్లి చూస్తే రాజేశం. ఒళ్లో సంచీ కూడా లేదు, ఖాళీ చేతులు.

“మేడం! ఆ మాలిష్ నాకు నేర్పు!” అని అరిచాడు.

కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా అడిగాను ఏం జరిగిందని. చెప్పాడు. ఆడబిడ్డకు పొలం పని, బీడీల పని, నాలుగు రోజులు చేసి మానేసింది. ఫోన్లో అతనికి మాట వినపడదు. వీడియో పెడితే స్వరూప చెయ్యి కొంగు కింద దాచుకుని కూర్చుంటుంది. ఒకరోజు కొంగు జారింది. మణికట్టు దగ్గర గాజులు లేవు. వాపుకు ఎక్కకపోతే పగలగొట్టి తీశారట. “నేనుండంగనే వట్టి చెయ్యి జేసిండ్రు మేడం,” అన్నాడు. ఆ ముక్క మాత్రం అరవలేదు.

“మరి ఎందుకు పంపావయ్యా?” అన్నాను. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు.

“దగ్గరికి పోతె ఒళ్లు ముడుచుకుంటది. నేను ముడితె నొస్తదేమో అనుకున్న. పచ్చి పుండు గద. నేను దూరం పండుకున్న. ఆమె ఏం సమజ్ చేసుకున్నదో ఏమో నాకు తెల్వది, నాకు ఇనపడదాయె. తట్టుడు బంద్ జేసింది. ఊర్ల నలుగుట్ల ఉంటె పాణం నిమ్మలమైతదనుకున్న. నాకు ఎవ్వలు జెప్పిండ్రు మేడం? ఇన్ని నెల్లు ఈ బెంచీ మీదనే కూసున్న. లోపట ఏం జేస్తరో, నేనేం జేయాల్నో, ఒక్కలన్న చెప్పిండ్రా?”

నేను తలెత్తి నా బోర్డు చూశాను. పురుషులకు ప్రవేశం లేదు. ఆ బోర్డు తప్పని ఇప్పటికీ అనను. అది లేకపోతే సగం మంది ఆడవాళ్లు ఆ గదికి వచ్చేవాళ్లే కాదు. కానీ దాని వెనక తలుపేసుకుని, మొగుళ్లందరికీ ఆ మచ్చంటే అసహ్యమని నేనే తీర్పు చెప్పేసుకున్నాను. కొందరికి అసహ్యమే. వాళ్లనూ చూశాను. ఎక్కువమందికి భయం. ఆ తేడా తెలుసుకోవాలంటే బెంచీ దగ్గరకు వెళ్లి నిలబడాలి. అన్నేళ్లలో నేను వెళ్లలేదు.

పేషెంట్లు వెళ్లిపోయాక అతన్ని లోపలికి పిలిచాను. హంసాబెన్ నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

ఈ మాలిష్ నొప్పులకు చేసే మాలిష్ కాదు. నూనె ఉండదు, నొక్కుడు ఉండదు. చర్మం మాత్రమే కదలాలి. ఇంకో సంగతి, చెయ్యి వాచింది కదా అని చేతి మీద మొదలుపెట్టకూడదు. ముందు మెడ, తరువాత బాగున్న వైపు చంక, ఆ తరువాత ఛాతీ మీదుగా అడ్డంగా. అక్కడ దారి తెరిస్తేనే చేతిలో నీరు కదులుతుంది. కుట్టు మచ్చను దాటకుండా చేతికి సుఖం లేదు. ఇది కవిత్వం కాదు, శరీరం కట్టుబడే అలా ఉంది.

ఛాతీ కోసం హంసాబెన్ తలగడకు తన పాత రవికె తొడిగింది. ఒక వైపు గుడ్డ కుక్కి, రెండో వైపు చదునుగా వదిలి, అడ్డంగా సుద్దముక్కతో గీత గీసింది. నవ్వొచ్చే బొమ్మే. మొదట అందరం నవ్వాం. రాజేశం ఆ మోటు వేళ్లతో మొదలుపెడితే హంసాబెన్ నెత్తి కొట్టుకుని, “ధీరే, భాయ్, ధీరే! రోట్లీ నథీ!” అని అరిచింది. రొట్టె పిండి కాదయ్యా అని. గీత దగ్గరకు వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

“దీని మీంచే పోవాల్నా మేడం?”

“దీని మీంచే.”

“ఆమె ముట్టనియ్యది.”

“అడుగు.”

“ఎట్ల అడుగుడు? నాకు మెల్లగ మాట్లాడరాదు. గట్టిగ అడిగితె వాడకట్టంత ఇంటది.”

ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. నాకు తోచింది చెప్పాను. “అడగొద్దు. పక్కన కూర్చుని అరచెయ్యి చాపి ఉంచు. ఆమెకు ఇష్టమైతే చెయ్యి పెడుతుంది. పెట్టకపోతే లేచి నీ పని చూసుకో. రేపు మళ్లీ కూర్చో.”

తలగడ మీద ఎంత చేసినా ఒత్తిడి తెలియదు. మనిషి చెయ్యి కావాలి. హంసాబెన్‌ను అడిగితే ఇంత పొడుగు నాలుక బయటపెట్టింది. నేను తెల్లకోటు విప్పి, కుర్చీ జరిపి, చెయ్యి చాపాను.

“నీ చెయ్యా మేడం?” అన్నాడు.

“చెయ్యే కదా. కానీ.”

మెడ పక్కన నాలుగు వేళ్లు ఆనించాడు. బరువుగా ఉంది, తగ్గించమని సైగ చేశాను. తగ్గించాడు. భుజం మీంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు నేను చెప్పిన చోటల్లా ఆగుతూ, తప్పు చేస్తూ, సరిదిద్దుకుంటూ వచ్చాడు. నేను “ఇంకా తేలిక, ఇంకా తేలిక” అంటున్నాను. అంటూ అంటూ ఉండగా మా ఆయన గుర్తొచ్చాడు.

మా ఆయన రైల్వే గార్డు. ఒకరోజు డ్యూటీకి వెళ్లి గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఉధనాలో రైల్వే క్వార్టర్లు వదిలి చిన్న ఫ్లాటుకు మారాను. అప్పటినుంచి రోజూ ఎందరి భుజాలనో, చేతులనో, వీపులనో ముట్టుకున్నాను. నన్ను ముట్టుకున్న చెయ్యి లేదు. బస్సులో తోసుకోవడం, చిల్లర ఇచ్చేటప్పుడు తగిలే వేళ్లు, అంతే. అదొక లోటని నాకు తెలియనే తెలియదు. నా ఒళ్లు మాత్రం తెలుసుకునే ఉంది. ఒక నేతపనివాడు తన పెళ్లాం కోసం నా చేతి మీద పాఠం నేర్చుకుంటుంటే, నాకు కళ్ల వెంబడి నీళ్లు ధారగా కారాయి. “ఔర్ క్యా చాహియే” అని సర్జన్‌గారు అడిగే ప్రశ్నకు జవాబు ఆ కుర్చీలో తెలిసింది. అన్నేళ్లుగా ఆ ఆడవాళ్లు నాకు చెబుతూనే ఉన్నారు. నేను భుజం లేచిందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

“నొచ్చిందా మేడం!” అని అరిచాడు రాజేశం. వరండా అంతా విని ఉంటుంది. నేను లేదని తల ఊపాను.

బెంచీ

కొన్నాళ్లు అలా వచ్చి నేర్చుకుని, ఊరికి వెళ్లాడు. నేను బోర్డు పీకెయ్యలేదు. దాని కింద ఇంకో చిన్న బోర్డు పెట్టించాను, భార్య ఒప్పుకుంటే మధ్యాహ్నం వేళ భర్త లోపలికి రావచ్చని. ఆఫీసువాళ్లు గొడవ చేశారు. కొందరు ఆడవాళ్లు వద్దే వద్దన్నారు, వద్దన్నవాళ్లను ఎందుకని అడగలేదు. కొందరు మొగుళ్లు ఎంత పిలిచినా బెంచీ వదల్లేదు. లోపలికి వచ్చినవాళ్లలో ఒకాయన మచ్చ చూసి కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, “ఇంతేనా?” అన్నాడు. అన్నాళ్లూ ఇంకా ఘోరంగా ఊహించుకుని కుమిలిపోయాడట.

రాజేశం నుంచి కబురు లేదు. తిరుగు రైలెక్కాడా, ఆమె రానందా, ఏమీ తెలియదు. తలుపు తీసినప్పుడల్లా నా చూపు ముందు బెంచీ మీదకే పోయేది. నా రిటైర్మెంటు దగ్గరపడింది.

ఒక పొద్దున తలుపు తీస్తే స్వరూప నిలబడి ఉంది. వెనక బెంచీ మీద రాజేశం, ఒళ్లో సంచీ. నేను ఆమె రెండు భుజాలూ పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. టేపు తీసి చెయ్యి కొలిచాను. పెద్ద తేడా లేదు. ఉన్నమాట చెప్పాను.

“నాకు ఎర్కనే మేడం,” అని నవ్వింది. “ఆయనకు నీ లెక్క చెయ్యరాదు. ఉత్తగనే రాస్తడు. కని రోజు ముడుతుండు.”

“ముట్టనిచ్చావా మరి?”

“నన్ను తోలుకొచ్చినంక మొదాలు నా పక్కపొంటి చెయ్యి చాపి కూసుండె. నాకు నవ్వొచ్చింది, అడుక్కునేటోని లెక్క కూసున్నడని. నవ్వి, లేచి పోయిన. తెల్లారి మల్ల గట్లనే. ఏందయ్యా అంటె ఇనపడది. ఎన్నొద్దులు జూసుడు మేడం? ఒకనాడు చెయ్యి పెట్టిన. ఆయన చెయ్యి వణుకుతుండె. అగో, భయం నాకొక్కదానికే కాదని గప్పుడు తెలిసింది. మచ్చ కాడికి వచ్చినంక నేనే ఆయన చెయ్యి పట్టి దాటిపిచ్చిన.” “ఊరికి పోనని జెప్పిన. మల్ల పంపితె నీ సాంచల మధ్యనే వచ్చి కూసుంటనని జెప్పిన. తట్టి చెప్పిన, మూతి కనపడేటట్టు.”

వాళ్లకు మగ్గమంటే సాంచ. నేను గట్టిగా నవ్వాను. ఆమె నవ్వలేదు, నన్ను పరీక్షగా చూస్తోంది.

“ఆయన చెప్పిండు మేడం. నీ చెయ్యి మీదనే నేర్చుకున్నడట. నీకు కండ్లల్ల నీళ్లొచ్చినయట. నొస్తలేదని చెప్పినవట.” గొంతు తగ్గించింది. “నీకెవ్వలు జేస్తరు మేడం?”

“నాకేం జబ్బు లేదు కదమ్మా.”

“జబ్బుంటెనేనా మేడం?”

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. చుట్టింది విప్పి మళ్లీ చుట్టాను. స్వరూప నా చేతిలోంచి అది తీసి బల్ల మీద పెట్టింది. రోజూ పేషెంట్లు కూర్చునే కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. కొత్త గాజులు వేసుకున్న ఎడమ చెయ్యి నా భుజం మీద ఆనించి, వాచిన కుడి చెయ్యి నా మెడ పక్కన పెట్టింది. ఆ చెయ్యి అంత పైకి లేస్తుందని నేనే అనుకోలేదు. కొలవాలని కూడా తోచలేదు. కళ్లు మూసుకున్నాను.

బయట బెంచీ మీంచి రాజేశం అరిచాడు. “అయిపోయిందా మేడం?”

అతనికి వినపడదని తెలుసు. అయినా మెల్లగానే అన్నాను, “ఇంకా కాలేదు.”